కుప్పలోంచి లేచిన ఇసుక పీత

నేను ఒక ఇసుక పీతను. కంగారుపడి కాళ్లు పైకి లాక్కోకండి, కరిచే రకాన్ని కాదు. అరచేతిలో ఇమిడే అట్టముక్క మీద అచ్చయిన పీతను, 'మహాద్వీపం' అనే ఆటలో ఒక కార్డును. పేకలో రాజులూ రాణులూ ఉన్నట్టు ఈ ఆటలో గరుడులు, నాగులు, యక్షులు ఉంటారు. మాలాంటి పీతలూ ఉంటాయి. ఎందుకుంటాయంటే, పైన ఎగిరేవాడి గొప్ప తెలియాలంటే కింద ఎవరో ఒకరు పాకుతూ ఉండాలి కదా. ఇదంతా ఏడుస్తూ చెబుతున్నాననుకోకండి. నా కథలో ఏడుపు దొరుకుతుందని వచ్చినవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు.

అచ్చు యంత్రం మీద మేమంతా ఒకే పెద్ద అట్టగా పుట్టాం. నా కుడిపక్కన స్వర్ణ గరుడుడు ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే సిరా, ఒకే అట్ట. మా ఇద్దరి మధ్య దిగిన కత్తి కూడా ఒక్కటే. ఆ తరువాత ఆయన రెక్కలకు బంగారు పూత పూశారు, నన్ను ఉన్నదున్నట్టు వదిలేశారు. నా ముఖం మీద పైన పేరు, దాని కింద 'తెగ: పీత', మూలన 'బలం ఒకటి, ప్రాణం ఒకటి' అని ఉంటుంది. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రెండు వాక్యాలున్నాయి. పక్కన ఇంకో పీత ఉంటే ఇద్దరి బలమూ పెరుగుతుందని మొదటిది. పీతలు గుంపుగా చనిపోతే నేనూ, నాతో పాటు మరో మూడు పీతలూ చచ్చిన కార్డుల కుప్పలోంచి లేచి వస్తామని రెండోది. మీరు చదివారు కాబట్టి మీకు తెలిసింది. ఈ కథ నడిచినంత కాలం దాన్ని చదవనివాళ్లే ఎక్కువ.

నన్ను మొదట కొన్నవాడు విశాఖపట్నంలో ఇంజనీరింగు చదివే ప్రద్యుమ్న. కొన్నాడంటే నా కోసం కొన్నాడని కాదు. మూసి ఉన్న పొట్లంలో గరుడుడు ఉంటాడని ఆశపడి కొన్నాడు, లోపల నేనున్నాను. కూరలో కరివేపాకులా తీసి పక్కన పడేశాడు. తరువాత ఏమనుకున్నాడో, ఒక లావుపాటి పాఠ్యపుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాడు. ఆ పుస్తకాన్ని అతను మళ్లీ తెరిచిన పాపాన పోలేదు. అందువల్ల నా ఒంటి మీద ఒక్క మచ్చ కూడా పడలేదు. చదువు మీద మనుషులకున్న శ్రద్ధ ఒక్కోసారి మాలాంటివాళ్లకు మేలే చేస్తుంది.

ఆ ప్రద్యుమ్న ఆడే క్లబ్బు ఒక రక్తపరీక్షల లాబు పైఅంతస్తులో ఉండేది. దాన్ని పెట్టినాయన సదానందరావు గారు. లెక్కల ఆడిటరు, మంచి మాటకారి, వచ్చినవాళ్లకు కాఫీ ఇవ్వకుండా పంపేవారు కాదు. ఆయన దగ్గరున్న గరుడుల దండుకు ఊళ్లో తిరుగులేదు. కింద లాబులో రక్తం తీసే అమ్మాయి నూకరత్నం. ఆదివారం మధ్యాహ్నం పని అయ్యాక పైకి వచ్చి, గోడకు ఆనుకుని ఆట చూసేది. చూస్తూ చూస్తూ నేర్చేసుకుంది. ఆట పెద్ద కష్టమేమీ కాదు. ఎత్తు ఎత్తుకూ వచ్చే శక్తిని ఖర్చుపెట్టి మన జీవుల్ని బల్ల మీదికి దించి, అడ్డొచ్చిన ఎదుటి జీవుల్ని చంపి, చివరికి ఎదుటివాడి కోట కూల్చాలి. కష్టమంతా ముందుంటుంది. వేలాది కార్డుల్లోంచి ఏవి ఏరుకుని కట్ట కట్టుకోవాలన్నదే అసలు విద్య.

నూకరత్నానికి కట్ట లేదు. కొత్త పొట్లాలు కొనే స్తోమతా లేదు. ఒకనాడు ప్రద్యుమ్న అక్కర్లేని కార్డుల్ని చెత్తబుట్టలోకి దులుపుతుంటే, ఆ పీతలన్నీ నాకిచ్చేస్తారా అని అడిగింది. అతను నవ్వి, ఇంట్లో ఇంకా ఉన్నాయని మరుసటి వారం సంచీ నిండా తెచ్చి పోశాడు. పుస్తకంలో ఉన్న నన్ను కూడా లాగి పడేశాడు. నేను పుట్టాక నన్ను కావాలని అడిగి తీసుకున్న మొదటి మనిషి ఆమె. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా అట్ట గట్టిపడుతుంది.

ఆమె మొదటిసారి బల్ల ముందు కూర్చున్నప్పుడు సదానందరావు గారు ఆప్యాయంగా, ఏ తెగ ఆడతావమ్మా అని అడిగారు. పీతలండి, అంది. ఆయన కనుబొమలు లేచాయి. కాఫీ గ్లాసు ఆమె ముందుకు జరుపుతూ, అంతే ఆప్యాయంగా రెండో ప్రశ్న వేశారు.

"ఇంతకీ మీరేమిట్లమ్మా?"

"జాలారోళ్లమండి. జాలారిపేట."

"ఓహో" అన్నారాయన. ఆ ఓహోలో కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. అరలో ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడ పెట్టేసిన తృప్తి ఉంది. మాకు తెగ ముఖం మీదే అచ్చేసి ఉంటుంది, దాపరికం లేదు. మనుషులకు అచ్చు వెయ్యలేదు. అందుకే పాపం కాఫీలిచ్చి మరీ అడిగి తెలుసుకుంటారు.

అప్పట్నుంచి క్లబ్బులో మా మీద పడని చతురు లేదు. ఆమె కార్డులు దించితే ఒకాయన ముక్కు మూసుకునేవాడు. పీతల బుట్టకు మూత అక్కర్లేదట, ఒకటి పైకి పాకితే మిగతావి కిందికి లాగుతాయట. ఈ సామెత చెప్పని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. చెప్పేవాళ్లంతా బుట్టను తప్పుపట్టరు, బుట్టలో వేసినవాణ్ణి తప్పుపట్టరు. సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అంటారు కదా, కనీసం ఆ సామెతలోనైనా మాకు సీతమ్మ పక్కన పీట వేశారు.

నూకరత్నం ఓడిపోయేది. నిజం ఒప్పుకోవాలి, మొదట్లో ఆమె కట్ట బాగా లేదు. మా మీద ఆమెకే పూర్తి నమ్మకం లేదు. అందుకని ఎవరినో బతిమాలి ఒక నాగరాజును, ఒక యక్షుణ్ణి అరువు తెచ్చి మా మధ్య పెట్టింది. అరువు సొమ్ము బరువు చేటు. నాగరాజు దిగాలంటే ఆమెకున్న శక్తినంతా తినేవాడు, ఆయన దిగేదాకా మేం చేతిలోనే ఉండిపోయేవాళ్లం. ఎదురుగా గరుడులు వచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినే ఏరుకు తినేవి. ఒక్కొక్కరుగా చస్తే నా రెండో వాక్యానికి పని ఉండదు.

ఇంట్లో ఇంకో యుద్ధం. ఆమె నాన్న వరహాలు పడవ మీద వేటకెళ్లే మనిషి. కూతురు గడప దగ్గర మమ్మల్ని పరిచి సర్దుకుంటుంటే, వల బాగుచేస్తున్న చెయ్యి ఆపి చాలాసేపు చూశాడు.

"అవేటే?"

"ఆటముక్కలు నాన్నా. పీతలు."

"నిన్ను సేపల కంపులోంచి బయటెట్టడానికి నాను సముద్రంలో ముసలోణ్ణయిపోనాను. సదువుకుని ఉజ్జోగం సేసుకుంటావనుకుంటే, మళ్లీ కాగితం పీతల్ని ఇంటికి మోసుకొత్తావేటే?"

ఆమె ఆ రోజు మమ్మల్ని కట్టగట్టి బియ్యం డబ్బా వెనక పెట్టింది. క్లబ్బువాళ్ల నవ్వు ఆమెను అంత బాధపెట్టలేదు. నాన్న అన్న మాట మాత్రం లోపల గుచ్చుకుంది, ఎందుకంటే అందులో ప్రేమ ఉంది.

కొన్ని వారాల తరువాత సదానందరావు గారు అందరినీ కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పారు. క్లబ్బు తరఫున హైదరాబాదు పోటీలకు జట్టు వెళ్లబోతోంది, పెద్దపెద్దవాళ్లు చూడ్డానికి వస్తారు, ఇకమీదట మన బల్ల మీద పీతలు, కప్పలు, ఎలుకలు వంటి తెగలు వద్దు, క్లబ్బుకు ఒక పరువంటూ ఉండాలి. అని నూకరత్నం వైపు తిరిగి, నీకేమీ లోటు రానివ్వనమ్మా, నా దగ్గరున్న గరుడుల కట్ట ఒకటి ఉత్తినే ఇస్తాను, తెలివైనదానివి, పైకి రా అన్నారు. నాకైతే ఒళ్లు మండింది. చెడ్డవాడైతే తిట్టి తృప్తిపడొచ్చు. ఆయన మనస్ఫూర్తిగా మేలు చేస్తున్నాననే అనుకుంటున్నారు.

నూకరత్నం లేచి నిలబడింది.

"ఒక్క ఆట ఆడండి సార్, నాతోటి. నేను ఓడిపోతే ఈ పీతలన్నీ నా చేత్తోనే చెత్తలో పోసి, మీరిచ్చిన కట్ట తీసుకుంటాను. గెలిస్తే పీతలు ఈ బల్ల మీదే ఉంటాయి. నేనూ ఉంటాను."

ఆయన నవ్వి, సరేనమ్మా, వచ్చే ఆదివారం అన్నారు.

ఆ వారమంతా ఆమె కట్ట మీదే కూర్చుంది. ముందుగా నాగరాజును, యక్షుణ్ణి తీసి ఎవరివి వాళ్లకిచ్చేసింది. బలమైనవాళ్లను వదులుకోవడం తేలికా మరి. వాళ్ల చోట చిన్న పీతల్ని, ఒక్క శక్తికే దిగే గుడ్డి పీతల్ని కూడా నింపింది. ఇసుక పీతలం నలుగురం ఉన్నాం. మా అడుగున ఉన్న రెండో వాక్యం మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ మళ్లీ మళ్లీ చదివింది. తరువాత ఒక్కతే నవ్వుకుంది. విడివిడిగా ఏరుకు తినడానికి వీల్లేనంతగా, ఒకరికొకరు ఆనుకుని బల్ల నిండా కూర్చుంటే ఎదుటివాడేం చేస్తాడు? అందరినీ ఒక్కసారిగా ఊడ్చెయ్యాలి. ఊడ్చాడా, చిక్కాడన్నమాటే. కట్టలో పీత కానిది ఒక్క కార్డు కూడా మిగల్లేదు. అలాంటి కట్టను కట్టినవాళ్లు అంతకుముందు ఆ క్లబ్బులో లేరు.

ఇక్కడ ఆ క్లబ్బు పద్ధతి ఒకటి చెప్పాలి. ఆటలో ఏ కార్డునైనా మొదటిసారి దించినప్పుడు దాని మీద రాసినదంతా పైకి చదివి వినిపించాలి. ఎదుటివాడు 'తెలుసు' అంటే చదవక్కర్లేదు. కానీ ఒకసారి తెలుసన్నాక, తరువాత తెలియదనడానికి వీల్లేదు. ఈ పద్ధతి పెట్టింది సదానందరావు గారే. ఆడిటరు కదా, సంతకం పెట్టాక చదవలేదంటే ఆయన ఊరుకోరు.

ఆదివారం వచ్చింది. బల్ల చుట్టూ జనం మూగారు. పద్ధతి ప్రకారం తగవు తీర్చడానికి ప్రద్యుమ్నను కూర్చోబెట్టారు. నూకరత్నం మొదటి ఎత్తులోనే నన్ను దించింది. నా మీద వేలుంచి, చదవమంటారా అని అడిగింది. నా అట్టలో ఊపిరి లేకపోయినా ఆ క్షణం బిగబట్టుకున్నాను.

"ఇసుక పీతే కదమ్మా. తెలుసులే."

"నిజంగా తెలుసా సార్?"

"తెలుసమ్మా, కానీయ్."

చదివించుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ఆయన నిజంగా మంచి ఆటగాడు. కానీ పీత మీద చదవడానికేముంటుందన్న ఆ ఒక్క మాట ఆయన మనసులో ఎప్పుడో పుట్టింది, ఇంట్లోనో, బడిలోనో, ఎక్కడో. దాన్ని ఆయన ఎన్నడూ తిరిగి తనిఖీ చెయ్యలేదు.

ఆట సాగింది. ఆయన గరుడులు ఒకటొకటిగా దిగి రెక్కలు విప్పాయి. మేం పక్కపక్కన ఒరుసుకుని కూర్చున్నాం. ఒక్కొక్కరం ఒంటరిగా గోరంత బలం, ఆనుకుని కూర్చున్నాక మాత్రం గరుడుడి ముక్కు వంగింది. బల్ల మీద ఆమె వైపు ఖాళీ కనిపించకుండా పీతలు నిండాయి. ఆయన కోట సగానికి పైగా కూలింది. ముక్కు మూసుకునేవాడు ముక్కు మీది చెయ్యి తీసి బల్ల మీద ఆన్చాడు.

సదానందరావు గారు నుదురు తుడుచుకుని, చేతిలో చాలాసేపటి నుంచి దాచుకున్న కార్డు తీశారు. దాని పేరు ప్రళయం. తన శక్తినంతా ధారపోస్తే గానీ అది దిగదు. దిగితే బల్ల మీద తనవాళ్లు, ఎదుటివాళ్లు అనే తేడా లేకుండా అందరూ పోతారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమని ఎవరో గొణిగారు. గరుడులూ పోయాయి, పీతలూ పోయాం. బల్ల నున్నగా అయిపోయింది. నేను కుప్పలో అందరి మీదా బోర్లా పడ్డాను. బాగా ఆడావమ్మా అంటూ ఆయన చెయ్యి చాచారు కూడా.

నూకరత్నం ఆ చెయ్యి అందుకోలేదు. కుప్ప మీది నుంచి నన్ను తీసి బల్ల మీద పెట్టింది. నా తరువాత ఇంకొకణ్ణి, ఇంకొకణ్ణి. ఆయన ఇదేమిటన్నారు. రాసి ఉందండి, అందామె. ఆయన ముఖం ఎర్రబడింది. నన్ను లటుక్కున లాక్కుని కళ్లజోడుకు దగ్గరగా పెట్టుకున్నారు. నా పుట్టుక నుంచి నా మీదున్న అక్షరాల్ని ఆయన చదవడం అదే మొదలు. చదువుతూ చదువుతూ వేళ్లు బిగించారు. నా నడుం మీదుగా పటుక్కున మడత పడింది.

తనకు ఈ సంగతి చెప్పలేదని, ఇది చెల్లదని ఆయన అన్నారు. అందరూ ప్రద్యుమ్న వైపు చూశారు. హైదరాబాదు జట్టులో ఆ కుర్రాడి చోటు ఆయన చేతిలో ఉంది. నా వైపు చూశాడు. నన్ను ఏ పుస్తకంలోంచి లాగి పారేశాడో గుర్తొచ్చిందేమో.

"మీరు తెలుసన్నారు సార్. రెండుసార్లు అన్నారు."

ఆ తరువాత ఆటలో చెప్పుకోవడానికేమీ లేదు. ఖాళీ బల్ల మీద పీతలం నడుచుకుంటూ వెళ్లాం. ఆయనకు అడ్డుపెట్టడానికి గరుడుల్లేవు, కొత్తవాళ్లను దించడానికి శక్తి లేదు. కోట కూలింది. పీతలు కిందికి లాగుతాయన్నారు కదా, అందరి కళ్ల ముందూ మేం ఒకరినొకరం పైకి లాక్కుని లేచాం. నాకు నోరుంటే ఆ రోజు వీధి చివరిదాకా వినపడేలా అరిచేవాణ్ణి.

సదానందరావు గారి గురించి ఒక మాట న్యాయంగా చెప్పాలి. మాట తప్పలేదు. పీతలు బల్ల మీదే ఉంటాయని అందరి ముందూ చెప్పారు. నన్ను మడతపెట్టినందుకు కూడా నొచ్చుకున్నారు. మడతపడ్డ కార్డు కవరులో పెట్టినా వంకర తెలిసిపోతుంది, ఇక ఆటకు పనికిరాదు. అందుకని నన్ను క్లబ్బులో గెలుపు కార్డులుంచే అద్దాల బీరువాలో, స్వర్ణ గరుడుడి పక్కనే పెడతానన్నారు. చూశారా, అచ్చు యంత్రం మీది పాత పొరుగు మళ్లీ దొరికింది. కింద చీటీ మీద 'సాగర సేనాని' అని రాయిస్తానన్నారు. వచ్చినవాళ్లకు గౌరవంగా ఉంటుందట.

"పీత అని రాయండి సార్" అంది నూకరత్నం.

"అలా రాస్తే నవ్వుతారమ్మా."

"నవ్వినవాళ్లకి సదివి ఇనిపించండి."

ఆయన ఖాళీ చీటీ వైపు చూస్తూ ఉండిపోయారు. ఆమె నన్ను తీసుకుని మెట్లు దిగింది. అద్దం వెనక మారుపేరుతో మెరవడం కంటే నడుం విరిగి సొంత పేరుతో ఉండటం నాకూ ఇష్టమే.

ఇంటికి వెళ్లేసరికి వరహాలు అరుగు మీద ఉన్నాడు. కూతురు నన్ను ఆయన చేతిలో పెట్టి, క్లబ్బులో జరిగిందంతా చెప్పింది. గరుడుల కట్ట ఉత్తినే ఇస్తామన్నారని, తను వద్దన్నదని చెప్పింది. ఆయన నా మీది అక్షరాల్ని కూడబలుక్కుంటూ చదివాడు, చివరిదాకా. చదివాక నా నడుం మీది మడతను బొటనవేలితో మెల్లగా సాపు చేశాడు. ఆ బొటనవేలు గరుకుగా ఉంది, ఉప్పు వాసన వేసింది. ఎవరూ ముక్కు మూసుకోలేదు.

"నాను తప్పన్నానే అమ్మీ" అన్నాడు. "బయటికి రావాలంటే మనం మనం కాకుండా పోవాలనుకున్నాను."

ఆమె ఆయన భుజానికి తల ఆనించి ఏడ్చింది. నా కథలో ఏడుపు లేదన్నాను కదా, ఆ ఒక్కటి క్షమించండి. అది ఓడిపోయినవాళ్ల ఏడుపు కాదు.

ఇప్పుడు నేనుండేది ఒక ప్లాస్టిక్ సంచీలో. వేటకెళ్లేటప్పుడు వరహాలు మెడలో తగిలించుకునే గుర్తింపు కార్డు సంచీ అది. ఒక పక్క ఆయన ఫోటో, రెండో పక్క నేను. బంగారు పూత లేదు, బీరువా లేదు. కింద నిజమైన సముద్రం ఉంది, అందులో నా అసలు చుట్టాలున్నారు. క్లబ్బులో ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లు పీతల కట్ట అడుగుతున్నారని నూకరత్నం చెప్పగా విన్నాను. 'తెలుసు' అనేవాళ్లు మాత్రం బాగా తగ్గారట.

మొన్న సముద్రం మీద తనిఖీ పడవ ఒకటి మా పక్కకొచ్చి ఆగింది. కార్డు చూపించమన్నారు. వరహాలు సంచీ ఎత్తి పట్టుకున్నాడు, గాలికి అది తిరిగి నా ముఖం వాళ్ల వైపు పడింది. కుర్ర అధికారి నవ్వి, ఇదేంటి, నీ కార్డడిగితే పీత బొమ్మ చూపిస్తున్నావన్నాడు.

వరహాలు సంచీ తిప్పలేదు.

"రెండేపులా నానే బాబూ. సదివి సూసుకోండి."

అధికారి పడవ అంచు మీదికి వంగి, కళ్లు చికిలించి చదివాడు. అడుగునున్న చిన్న అక్షరాలు కూడా.